బీరువాలోని 12ఏ కాగితానికి గడువు ఎలా వచ్చింది?

"80జీ ఉందాండీ?" చందా కోసం వెళ్లిన ట్రస్టు కార్యదర్శిని దాతలు తరచూ అడిగే మాట ఇది. 80జీ అంటే 1961 ఆదాయపు పన్ను చట్టంలో దాతకు పన్ను ఊరట ఇచ్చిన సెక్షన్. అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే. 12ఏ అనే రిజిస్ట్రేషన్ ట్రస్టు సొంత ఆదాయానికి పన్ను నుంచి రక్ష. అది ఒకసారి వస్తే బీరువాలో పెట్టి మరిచిపోయేవారు. ఇప్పుడు అలా కుదరదు.

ఈ మినహాయింపు కొత్తగా ఇచ్చింది కాదు. మత, ధర్మకార్యాలకే వాడే ఆస్తి మీద వచ్చే ఆదాయాన్ని 1886 నాటి ఆదాయపు పన్ను చట్టమే వదిలేసింది. 1922 చట్టమూ ఆ దారిలోనే నడిచింది. అప్పట్లో ముందుగా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పేచీ వస్తే తేలాల్సింది ఒక్కటే: చేస్తున్న పని ధర్మకార్యమా, కాదా?

ఆ పేచీ గాంధీజీ 1925లో స్థాపించిన అఖిల భారత చరఖా సంఘానికే వచ్చింది. సంఘం పేదలచేత నూలు వడికించి, బట్ట నేయించి, ఖద్దరు అమ్మేది. అమ్మకం ఉంది కాబట్టి పన్ను కట్టాలంది ప్రభుత్వం. వివాదం అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఇది పేదలకు ఆసరా ఇచ్చే ధర్మకార్యమేనని 1944లో తీర్పు వచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్ర అంతటికీ కీలకం ఈ కేసే. ఎందుకంటే, సేవ చేసేవాళ్లు ఏదైనా అమ్మితే అది వ్యాపారమవుతుందా అన్న ప్రశ్న ఈనాటికీ తెగలేదు.

1961 చట్టం ధర్మకార్యాల్లో 'సాధారణ ప్రజాప్రయోజనం' అనే పద్దుకు లాభార్జన ఉండకూడదన్న షరతు పెట్టింది. 1983లో ఆ మాటలు తీసేశారు. 2008లో వర్తక, వ్యాపార నిషేధం రూపంలో మళ్లీ తెచ్చారు. తర్వాత ఏటా అలాంటి రాబడి పది లక్షల దాకా ఫర్వాలేదన్నారు, 2011లో దాన్ని 25 లక్షలు చేశారు. 2015 నుంచి మొత్తం రాబడిలో 20 శాతం అన్నారు. ఇన్నిసార్లు గీత జరిగితే, చేతిపనులు అమ్మి మహిళలకు ఉపాధి చూపే చిన్న సంఘం దేన్ని నమ్ముకోవాలి?

రిజిస్ట్రేషన్ నిబంధన 1973 నుంచి అమల్లోకి వచ్చింది. 12ఏ అంటే అదే. ఒకసారి ఇచ్చాక రద్దు చేస్తే తప్ప దానికి కాలపరిమితి ఉండేది కాదు. 2020 ఫైనాన్స్ చట్టం దీన్ని తిరగరాసింది. పాత సంస్థలన్నీ మళ్లీ దరఖాస్తు చేసుకోవాలంది. రిజిస్ట్రేషన్‌కు ఐదేళ్ల ఆయుష్షు పెట్టింది, కొత్తవాళ్లకు మొదట మూడేళ్ల తాత్కాలిక అనుమతి. ఏటా ప్రతి దాత పేరు, గుర్తింపు వివరాలతో 10బీడీ ఫారం కూడా వేయాలంది. దొంగ రసీదులను అరికట్టడానికి ఈ లెక్క అవసరమే, దాన్ని కాదనను. కానీ పాత సంస్థల దరఖాస్తు గడువును 2024 జూన్ 30 దాకా మళ్లీ మళ్లీ పొడిగించాల్సి వచ్చింది. చిన్న ట్రస్టులు ఎంత టెన్షన్ పడ్డాయో దీన్నిబట్టే తెలుస్తుంది.

మన తెలుగు రాష్ట్రాలకు నేరుగా తగిలిన తీర్పు 2022 అక్టోబర్ 19న వచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో, విద్యాసంస్థగా మినహాయింపు కోరే సొసైటీకి విద్య ఒక్కటే లక్ష్యంగా ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. 1987 దేవాదాయ, ధర్మాదాయ చట్టం కింద నమోదు ఉందో లేదో కూడా పన్ను అధికారులు చూడవచ్చంది. అందుకే ఇక్కడి సంస్థలు ముందు తమ ఆశయ పత్రంలో ఏం రాసుందో తీసి చదవాలి.

గడువు దాటితే పోయేది ఆ ఏడాది మినహాయింపు ఒక్కటే కాదు. అప్పులు పోగా మిగిలిన ఆస్తుల మార్కెట్ విలువ మీదే గరిష్ఠ రేటులో పన్ను వేసే 115టీడీ నిబంధన 2016లో వచ్చింది. 2023 నుంచి, వేళకు రెన్యువల్‌కు దరఖాస్తు చేయనివారికీ అది వర్తించింది. ఊళ్లో ఎవరో దానమిచ్చిన స్థలమో, అనాథాశ్రమ భవనమో ఆ లెక్కలోకి వస్తుంది. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారాన్ని 2024లో కమిషనర్లకు ఇచ్చారు.

2021లో మొదలైన ఐదేళ్ల రిజిస్ట్రేషన్ల గడువు 2026 మార్చి 31తో ముగిసింది. రెన్యువల్ దరఖాస్తు ఆరు నెలల ముందే, అంటే 2025 సెప్టెంబర్ 30లోగా వేయాల్సి ఉండింది. వరుసగా రెండేళ్లు ఆదాయం ఐదు కోట్లు దాటని సంస్థలకు పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇచ్చేలా 2025 ఫైనాన్స్ చట్టం సడలించింది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కావడంతో 12ఏ అన్న పాత నంబరు పోయి, రిజిస్ట్రేషన్ 332వ సెక్షన్‌లోకి చేరింది.