లాగిన్ తెరపై నీలి బటన్: ఎందుకు వచ్చింది, ఎందుకు పోలేదు

హనుమకొండలో ఇంటర్మీడియట్ కళాశాలలకు, కోచింగ్ కేంద్రాలకు కొదవ లేదు. హాజరు, మార్కులు, ఫీజు రసీదుల కోసం చాలా సంస్థలు సొంత యాప్‌లు పెట్టుకున్నాయి. ఇలాంటి యాప్‌లను తెరిస్తే సాధారణంగా కనిపించే వరుస ఇది: పైన ఫోన్ నంబరు అడిగే గడి, దాని కింద గూగుల్ బటన్, అట్టడుగున ఫేస్‌బుక్ నీలి బటన్. విద్యార్థులు నంబరు కొట్టి, ఓటీపీ వేసి లోపలికి వెళ్లిపోతారు. నీలి బటన్ జోలికి పోయేవారు తక్కువ.

ఇన్నాళ్లూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2025 నవంబరులో కేంద్ర ప్రభుత్వం డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నియమాలను నోటిఫై చేసింది. ఏ సమాచారం తీసుకుంటున్నారు, ఎందుకు తీసుకుంటున్నారు అన్నది ప్రతి యాప్ యజమానీ చెప్పాల్సిన రోజు దగ్గరపడింది. ఎవరూ నొక్కని బటన్‌కు ఏ కారణం రాయాలి? అది తెలియాలంటే, ఆ బటన్ అసలు లాగిన్ కోసమే వచ్చిందా అని వెనక్కి వెళ్లి చూడాలి.

ఇరవై ఏళ్ల కిందట పరిస్థితి ఇంతకంటే అధ్వానం. కొత్త వెబ్‌సైటులో చేరితే, మీ స్నేహితులను వెతికి పెడతామంటూ అది మీ ఈమెయిల్ పాస్‌వర్డ్‌నే అడిగేది. జనం ఇచ్చేవారు కూడా. ఆ దురలవాటుకు విరుగుడుగా 2007 డిసెంబరులో ఓఆత్ (OAuth) అనే అనుమతుల పద్ధతికి మొదటి ప్రమాణం వెలువడింది. దాని కిటుకు టోకెన్‌లో ఉంది. పాస్‌వర్డ్ మూడో మనిషి చేతికి చిక్కదు. మీ ఖాతా ఉన్న సంస్థే మిమ్మల్ని అడిగి, మీరు సరేనన్న మేరకు యాప్‌కు ఒక టోకెన్ ఇస్తుంది. మార్కెట్ యార్డు గేటు దగ్గర ఇచ్చే చీటీలాంటిది అది: ఆ బస్తాలకు, ఆ రోజుకు మాత్రమే చెల్లుతుంది, గోదాము తాళాలు యజమాని దగ్గరే ఉంటాయి.

ఆలోచన మంచిదే. చీటీ మీద ఏమేమి రాయించుకోవచ్చో నిర్ణయించే దగ్గరే తకరారు మొదలైంది.

ఫేస్‌బుక్ ఖాతాతోనే వేరే సైట్లలో లాగిన్ అయ్యే ఫేస్‌బుక్ కనెక్ట్ 2008 డిసెంబరులో అందరికీ అందుబాటులోకి వచ్చింది. 2010 నవంబరులో ఫోన్ యాప్‌లలోనూ ఒక్క నొక్కుతో లాగిన్ అయ్యే ఏర్పాటు చేశారు. ఆపిల్ 2011లో ఐఓఎస్ 5తో ట్విటర్‌ను, 2012లో ఐఓఎస్ 6తో ఫేస్‌బుక్‌ను ఫోన్ సెట్టింగులలోకే తెచ్చిపెట్టింది. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునే బాధ తప్పిందని వాడేవారు సంతోషించారు. యాప్ చేసేవారి సంతోషానికి కారణం వేరు. లాగిన్‌తో పాటే వాడుకరి పేరుతో అతని ఫేస్‌బుక్ గోడ మీద రాసే అనుమతి, స్నేహితుల జాబితా చూసే అనుమతి కూడా అడగవచ్చు. అంటే రూపాయి ఖర్చు లేని ప్రచారం. 2011 సెప్టెంబరులో ఫేస్‌బుక్ మరో అడుగు వేసింది: ఒకసారి ఒప్పుకుంటే చాలు, మీరు ఏ పాట విన్నదీ, ఏ వార్త చదివిందీ మళ్లీ అడగకుండానే స్నేహితులకు తెలిసిపోయేది. ఫేస్‌బుక్‌లో ఆడే ఫార్మ్‌విల్ ఆటలోని పొలంలో సాయం చేయమని వచ్చిన పిలుపులు ఆ తరానికి గుర్తుండే ఉంటాయి. ఊళ్లో నిజమైన పత్తి చేను ఉన్నవాళ్లకు కూడా అవి వచ్చేవి.

కాబట్టి లాగిన్, షేరింగ్ అప్పట్లో రెండు పనులు కావు. షేరింగ్ కోసమే లాగిన్. ఈ సంగతి మరిచిపోతే తర్వాత జరిగిందేదీ అర్థం కాదు.

ఆ రోజుల అనుమతుల్లో అన్నింటికంటే విడ్డూరమైనది స్నేహితుల సమాచారం. నేను ఒక యాప్‌కు సరేనంటే, నా స్నేహితుల వివరాలు కొన్ని కూడా దానికి వెళ్లిపోయేవి. వారిని ఎవరూ అడిగేవారు కారు. ఫేస్‌బుక్ 2014 ఏప్రిల్‌లో కొత్త నిబంధనలు ప్రకటించి, పాత యాప్‌లకు ఏడాది గడువిచ్చి, 2015 ఏప్రిల్ 30న ఆ దారి మూసింది. అప్పటికే వెళ్లాల్సింది వెళ్లిపోయింది. ఒక క్విజ్ యాప్ సేకరించిన ఫేస్‌బుక్ సమాచారం కేంబ్రిడ్జ్ అనలిటికా అనే రాజకీయ ప్రచార సంస్థకు చేరిన వ్యవహారం 2018 మార్చిలో బయటపడ్డాక ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ప్రకారం ప్రపంచమంతటా 8.7 కోట్ల మంది వరకు సమాచారం చేతులు మారి ఉండవచ్చు. భారతదేశంలో ఆ క్విజ్ యాప్‌ను పెట్టుకున్నవారు 335 మంది. ప్రభావితులై ఉండవచ్చని చెప్పిన భారతీయులు మొత్తం 5,62,455 మంది. తేడా చూడండి: 5,62,120 మంది ఆ యాప్ ముఖం కూడా చూడలేదు. ఆ యాప్ వాడినవారికి స్నేహితులు కావడమే వారు చేసిన పని.

ఉత్తర తెలంగాణకు ఈ లెక్క దూరపు విషయం కాదు. జగిత్యాల, కరీంనగర్, వరంగల్ కుటుంబాల్లో గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఒకరు లేని ఇల్లు వెతుక్కోవాలి. ఇంటివారితో మాట కలపడానికి వారు ఫేస్‌బుక్‌ను వాడినంతకాలం, డాలస్‌లో ఉన్న అన్నయ్య సరదాగా రాసిన క్విజ్ ద్వారా కోరుట్లలోని చెల్లెలి వివరాలు బయటికి పోయే వీలుండేది. ఊరికి, దేశానికి అక్కడ హద్దుల్లేవు.

దెబ్బ తగిలాక తలుపులు టపటపా మూసుకున్నాయి. 2018 ఆగస్టు 1 నుంచి వాడుకరి పేరు మీద యాప్‌లు పోస్టులు పెట్టే అనుమతిని ఫేస్‌బుక్ తీసేసింది. ఆపిల్ అంతకు ముందే, 2017లో, ఐఓఎస్ 11తో ఫేస్‌బుక్, ట్విటర్ ఖాతాలను సెట్టింగుల నుంచి తొలగించింది. 2018 సెప్టెంబరులో ఇంకో దుర్వార్త: ఒక లోపం ఆధారంగా దుండగులు సుమారు 3 కోట్ల ఖాతాల టోకెన్లను ఎత్తుకుపోయారు. మరుసటి ఏడాది జులైలో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ ఫేస్‌బుక్‌కు 500 కోట్ల డాలర్ల జరిమానా ప్రకటించింది. బటన్‌ను పుట్టించిన అవసరం, అంటే ఉచిత ప్రచారం, అక్కడితో చచ్చిపోయింది.

అప్పటికి మన దగ్గర జనం వేరే దారి పట్టారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఇంటర్‌నెట్‌లోకి అడుగుపెట్టిన లక్షల మందికి ఈమెయిల్ ఒక పరాయి వస్తువు. వారికి తెలిసిన గుర్తింపు ఫోన్ నంబరే. తెలిసిన షేరింగ్ వాట్సాప్. బతుకమ్మ ఫొటో అయినా, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర అయినా, పరీక్షల టైంటేబుల్ అయినా వెళ్లేది అక్కడికే. వాట్సాప్‌కు పంపడానికి యాప్‌కు ఏ టోకెనూ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ మొదటి రోజు నుంచీ ఆ ఏర్పాటు చేసిపెట్టింది: యాప్ తన బొమ్మనో రాతనో ఫోన్‌కు అప్పగిస్తుంది, ఫోన్ ఒక జాబితా చూపిస్తుంది, ఎవరికి పంపాలో మనిషి ఎంచుకుంటాడు. ఎవరికి పంపిందీ యాప్‌కు తెలియనక్కర్లేదు. ఇందులోనూ ప్రమాదాలు లేకపోలేదు. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాల పుకార్లు తెలంగాణ జిల్లాలనూ కుదిపాయి. ఆ జులైలో వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకసారి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. అయితే అది మనుషులు పంపుకున్న అబద్ధాల సమస్య. యాప్ మన పేరు వాడుకున్న సమస్య కాదు.

నంబరుతో లాగిన్ కావాలనుకునేవారి నాడి పెద్ద సంస్థలూ పట్టుకున్నాయి. ట్విటర్ 2014లో ఫోన్ నంబరుతో లాగిన్ చేయించే డిజిట్స్ తెచ్చింది. 2017లో గూగుల్ దాన్ని కొని, యాప్ తయారీదారుల కోసం నడిపే తన ఫైర్‌బేస్ సేవలో కలుపుకుంది. అదే పని కోసం ఫేస్‌బుక్ 2016లో తెచ్చిన అకౌంట్ కిట్ 2020 మార్చిలో మూతపడింది. ఓటీపీ మీద ఆధారపడినవారికీ నిశ్చింత లేదు. వ్యాపార సందేశాల నమూనాలను ముందే నమోదు చేయాలన్న నిబంధన 2021 మార్చి 8న అమలులోకి రాగానే దేశమంతటా ఓటీపీలు ఆగిపోయాయి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వెంటనే వారం రోజులు సడలింపు ఇవ్వాల్సి వచ్చింది.

వరంగల్ దగ్గరి మడికొండలో 2020 జనవరిలో సైయెంట్, టెక్ మహీంద్రా కేంద్రాలు తెరుచుకున్నాయి. ఆ జులైలో కరీంనగర్ ఐటీ టవర్ మొదలైంది. కళాశాలలకు యాప్‌లు చేసిపెట్టేవారు మాత్రం ఎక్కువగా చిన్న బృందాలే: అద్దె గదిలో ముగ్గురు నలుగురు కుర్రాళ్లు, ఒకసారి తీసుకున్న డబ్బు, తర్వాత మరమ్మతులకు ఒప్పందం లేకపోవడం. సోషల్ లాగిన్ వారిని ఎంత విసిగించిందో యాప్ వాడేవారికి తెలియదు. ఆండ్రాయిడ్‌లో ఫేస్‌బుక్ లాగిన్ పనిచేయాలంటే యాప్ సంతకం (తయారుచేసినవారి డిజిటల్ ముద్ర) నుంచి తీసిన కీ హ్యాష్ అనే కోడ్‌ను ఫేస్‌బుక్ దగ్గర నమోదు చేయాలి. తయారీలో వాడే సంతకం ఒకటి, విడుదలకు వాడేది మరొకటి. ప్లే స్టోరే సంతకం చేసే పద్ధతి వచ్చాక మూడోది చేరింది. ఆఫీసులో చక్కగా పనిచేసిన బటన్ విద్యార్థి ఫోన్‌లో చతికిలబడటానికి తరచూ ఇదే కారణం. యాప్ లోపలే వెబ్ పేజీలు చూపే వెబ్‌వ్యూలో లాగిన్ పేజీ చూపడాన్ని గూగుల్ 2017లో, ఆండ్రాయిడ్‌లో ఫేస్‌బుక్ 2021 అక్టోబరులో నిలిపివేశాయి. అవి సబబైన నిర్ణయాలే. యాప్ లోపలే పాస్‌వర్డ్ కొట్టిస్తే ఓఆత్ పెట్టిన ప్రయోజనమే పోతుంది. కానీ పాత యాప్‌ను మళ్లీ కట్టి విడుదల చేసేదెవరు?

ఈ ఆధారపడటం ఎంత లోతో 2020 మే 6న తేలింది. ఫేస్‌బుక్ తన సర్వర్లలో చేసిన ఒక మార్పుతో, ఆ సంస్థ ఎస్‌డీకే (యాప్‌లో కలుపుకోమని ఇచ్చే సిద్ధంగా ఉన్న కోడ్) ఉన్న చాలా ఐఫోన్ యాప్‌లు ప్రపంచమంతటా తెరవగానే కూలిపోయాయి. స్పాటిఫై, టిక్‌టాక్ కూడా తప్పించుకోలేదు. ఫేస్‌బుక్‌తో లాగిన్ కానివారికీ అదే గతి. జులై 10న అదే కథ మళ్లీ జరిగింది.

బటన్ నొక్కనివారికి ఎందుకు తగిలింది? బటన్ పైకి కనిపించే భాగం మాత్రమే. దాని వెనుక ఉన్న ఎస్‌డీకే యాప్ తెరిచిన క్షణం నుంచీ పని మొదలుపెట్టగలదు. గోప్యత హక్కుల కోసం పనిచేసే ప్రైవసీ ఇంటర్నేషనల్ సంస్థ 2018 డిసెంబరులో 34 ఆండ్రాయిడ్ యాప్‌లను పరిశీలించింది. తెరవగానే ఫేస్‌బుక్‌కు సమాచారం పంపుతున్నవి వాటిలో కనీసం 61 శాతం. ఫోన్ పట్టుకున్న మనిషికి ఫేస్‌బుక్ ఖాతా ఉందా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. ప్రకటనలు ఇచ్చేవారికి ఈ సమాచారం కావాలి: ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో చూపిన ప్రకటన వల్ల ఎందరు యాప్ దించుకున్నారో దీనితో లెక్క తేలుతుంది. అడ్మిషన్ల కాలంలో ప్రకటనలకు ఖర్చుపెట్టే సంస్థకు ఆ లెక్క ముఖ్యం. లాగిన్ బటన్ వాడుక పోయినా ఎస్‌డీకే మిగిలిపోవడానికి నా దృష్టిలో ప్రధాన కారణం ఇదే. ఎవరూ తీయకపోవడం రెండోది.

ఆ నియమాలకు మూలమైన కొత్త డేటా రక్షణ చట్టం సరిగ్గా ఇక్కడే తగులుతుంది. 2023 ఆగస్టులో ఆమోదం పొందిన ఆ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. ఇంటర్ చదివేవారిలో అత్యధికులు 16, 17 ఏళ్లవారు. వారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి ఉండాలి. వారి కదలికలు గమనించడం, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడం నిషేధం. పిల్లల విషయంలో ఉల్లంఘనకు జరిమానా 200 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. బోధన, విద్యార్థుల భద్రత అవసరాల మేరకు విద్యాసంస్థలకు నియమాల్లో కొంత మినహాయింపు ఉంది. ప్రకటనల లెక్కకు అది వర్తిస్తుందని చదవడం మాత్రం కష్టం. ప్రధాన బాధ్యతలు నోటిఫికేషన్ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మేలో అమలులోకి వస్తాయి.

అలాగని రేపే బటన్ పీకేస్తే మరో చిక్కు. 2014 నిబంధనల నుంచి ఫేస్‌బుక్ ఒకే మనిషికి ఒక్కో యాప్‌లో ఒక్కో గుర్తింపు సంఖ్య ఇస్తోంది. ఆ దారిన చేరిన పాత విద్యార్థికి కళాశాల యాప్‌లో పాస్‌వర్డ్ ఉండదు. ఈమెయిల్ ఇవ్వకుండా చేరి ఉండవచ్చు కూడా. యాప్ దగ్గర ఉన్నది ఆ సంఖ్య ఒక్కటే. కాబట్టి ముందు అలాంటి ఖాతాలు ఎన్ని ఉన్నాయో డేటాబేసులో చూసుకోవాలి. ఆ విద్యార్థులు పాత బటన్‌తో ఒకసారి లోపలికి వచ్చి ఫోన్ నంబరు జోడించుకునే వ్యవధి ఇవ్వాలి. ఎస్‌డీకేను తొలగించిన కొత్త యాప్ ఆ తర్వాతే ప్లే స్టోర్‌కు ఎక్కాలి. ఈలోగా ఫేస్‌బుక్ డెవలపర్ ఖాతా ఎవరి పేరు మీద ఉందో కూడా కనుక్కోవాలి. దాన్ని తెరిచిన కుర్రాడు ఉద్యోగం మారి హైదరాబాద్ వెళ్లిపోయి ఉంటే, పని అతన్ని వెతకడంతో మొదలవుతుంది.