సంచి జంతువుల శిలాజాలు: అపోహలు – వాస్తవాలు

బిర్లా మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం చూసొచ్చిన పిల్లలు నా మైక్రోస్కోపులో ఆవగింజంత పన్ను చూసి "ఇంతేనా!" అంటారు. నా పనంతా ఆ ఆవగింజలతోనే. వాటి గురించి హైదరాబాద్‌లో నేను తరచూ వినే మాటలివి.

అపోహ: కంగారూలాంటి సంచి జంతువులంటే ఆస్ట్రేలియావే.

వాస్తవం: హెర్పెటోథీరిడే అనే అంతరించిన కుటుంబం ఉంది. ఎలుకంత జీవులు, నేటి సంచి జంతువులన్నిటికీ దగ్గరి చుట్టాలు. వీటి శిలాజాలు ఎక్కువగా దొరికేది ఉత్తర అమెరికాలో, యూరప్‌లో.

అపోహ: సంచి శిలాజం కాదు కదా, మిగతాదంతా ఊహే.

వాస్తవం: ఈ మాట దగ్గర నేను ఊరుకోలేను. సంచి మిగలదు, దవడ మిగులుతుంది. జ్ఞానదంతంతో కలిపి మన దవడలో ఒక్కో పక్క 3 చర్వణకాలు, అంటే నమిలే వెనక పళ్లు. సంచి జంతువులకు 4. దవడ వెనక మూల లోపలికి మడిచినట్టుంటుంది. 1804లో పారిస్‌లో ఫ్రెంచి శాస్త్రవేత్త కువియర్ చేసింది ఇదే. మోంమార్త్ర్ జిప్సం రాతిలో సగం కూరుకుపోయిన చిన్న అస్థిపంజరం పళ్లూ దవడా చూసి, ఇది ఒపోసమ్ అనే అమెరికా సంచి జంతువు లాంటిదన్నాడు. అలాగైతే ఒపోసమ్‌కున్నట్టే కటి ముందు రెండు సన్నని ఎముకలు ఉండి తీరాలని, నలుగురి ఎదుట సూదితో రాయి తొలిచాడు. ఉన్నాయి! ఆ జీవి పేరు ఇప్పుడు పెరాథీరియం, ఈ కుటుంబానిదే.

అయితే ఆ ఎముకలుంటే సంచి ఉన్నట్టేనని మాత్రం అనుకోకండి. అవి మగ ఒపోసమ్‌లకూ ఉంటాయి, గుడ్లు పెట్టే ప్లాటిపస్‌కూ ఉంటాయి. అందుకే నేను ముందు పళ్లే చూస్తాను.

అపోహ: వికారాబాద్ దగ్గర దొరికిందీ సంచి జంతువే.

వాస్తవం: కాదు. నస్కల్‌లో దొరికిన పళ్ల గురించి 1988లో శాస్త్రవేత్తలు ప్రసాద్, సాహ్ని ప్రకటించారు. తర్వాత డెక్కనోలెస్టిస్ అని పేరు పెట్టిన ఆ జీవి మన వైపు చుట్టం, మావి ఉన్న క్షీరదాల శాఖది. చీలమండ ఎముకలు చూస్తే చెట్లెక్కేదని తెలుస్తుంది.

ఇలాంటి పన్ను కోసం మట్టిని బస్తాల కొద్దీ నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, ఆరబెట్టి, మిగిలిన రేణువుల్ని తడి బ్రష్ కొనతో ఒక్కొక్కటే ఏరాలి. అటువైపు బావి తవ్వేటప్పుడు నల్లరాతి పొరల మధ్య నత్తగుల్లలున్న బూడిదరంగు పొర కనిపిస్తే పారబోయకండి. ఒక గంపెడు పక్కన పెట్టి, దగ్గర్లోని యూనివర్సిటీ జియాలజీ విభాగానికి కబురు చేయండి.