డ్రైనేజీ పైపుల లెవెల్: సైట్లో వినే అపోహలు, అసలు వాస్తవాలు

మన నల్లగొండ, పాలమూరు దిక్కు పైపు పని అసలే తెలియని మనిషి తక్కువ. బోరు, మోటారు, బత్తాయి తోటలో డ్రిప్పు, వాడలో భగీరథ లైను... ఎక్కడో ఒకచోట సొల్యూషన్ పూసి పైపు అతికించిన చెయ్యే అందరిదీ. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. మోటారు తోసే పైపు గుట్ట ఎక్కినా, గుంతలో దిగినా నీళ్లు అవతలికి చేరతాయి. డ్రైనేజీ పైపులో నీళ్లను తోసేవాళ్లు ఎవరూ లేరు. దానికున్న బలమంతా వాటమే, అంటే కిందికి దిగే వాలు. జామ్ అయిందని పిలిస్తే వెళ్లి తవ్వి చూసిన లైన్లలో చాలావాటికి పైపు నాసిరకం కాదు, పడుకోబెట్టిన తీరు తప్పు.

అపోహ: "వాటం ఎంత ఎక్కువిస్తే అంత మంచిది కదన్నా!"

లెక్క ముందు చెబుతాను. పైపు ఎన్ని అంగుళాలో దాన్ని పదితో గుణించండి. 4 అంగుళాల పైపుకు 40 అడుగులకు ఒక అడుగు, 6 అంగుళాలకు 60 అడుగులకు ఒక అడుగు వాటం. అంటే 4 అంగుళాల పైపు పదడుగులు పోయేసరికి మూడు అంగుళాలు దిగాలి. జాగా లేకపోతే 4 అంగుళాల పైపును కూడా 60కి ఒకటి దాకా తేవచ్చు. కానీ అప్పుడు లెవెల్‌లో పిసరంత తేడా వచ్చినా లైను క్షమించదు. నీళ్లు సెకనుకు ముప్పావు మీటరు వేగంతో పారితే మడ్డి అడుగున కూర్చోకుండా కొట్టుకుపోతుంది. ఈ వాటాలన్నీ ఆ వేగం కోసమే.

ఎక్కువ వాటం ఇస్తే నీళ్లు ముందు పరుగెత్తి మలం వెనక మిగిలిపోతుందని చాలామంది భయపెడతారు. నా దృష్టిలో ఆ భయం ఉన్నదానికంటే పెద్దగా చెప్పేది. అసలు నష్టం వేరే ఉంది. ఇంటి నుంచి వీధి మ్యాన్‌హోల్‌కు 60 అడుగులనుకోండి. 40కి ఒకటి లెక్కన మొత్తం దిగాల్సింది ఒకటిన్నర అడుగు. ఇంటి దగ్గర ఉత్సాహంగా మొదటి ఇరవై అడుగుల్లోనే అడుగు దించేస్తే, మిగతా నలభై అడుగులకు ఆరంగుళాలే మిగులుతుంది. చివరి పైపులు బల్లపరుపుగా పడుకుంటాయి, లేదా ఎదురు వాటం వస్తుంది. అందుకే తవ్వక ముందే మ్యాన్‌హోల్ మూత తీసి దాని అడుగుభాగం లెవెల్ కొలవాలి. పని కూడా కింది నుంచి పైకి రావాలి, పైపు సాకెట్టు మూతి (ఇంకో పైపు దూరే ఉబ్బు చివర) ఇంటి వైపు చూడాలి.

అపోహ: "మొదలు చూసినం, చివర చూసినం. నడుమ ఏమైతది?"

అన్నింటికంటే ఎక్కువ చెడగొట్టేది ఇదే. రెండు చివర్లూ లెక్కకు సరిపోతాయి, నడుమ మాత్రం పైపు అరంగుళం కిందికి జారి ఉంటుంది. ఆ చోట నీళ్లు ఎప్పుడూ నిలబడే ఉంటాయి. వంటింటి నూనె జిడ్డు చల్లబడి అక్కడే గడ్డకడుతుంది, అంట్లు తోమిన బూడిద, ఇసుక దాని మీద చేరతాయి. మొదటి ఏడాది ఏమీ తెలియదు. రెండో ఏడో, మూడో ఏడో కర్ర పెట్టి పొడవడం మొదలవుతుంది.

దారం కట్టే పద్ధతి చూస్తే పని తెలిసినవాళ్లెవరో తెలిసిపోతుంది. దారాన్ని పైపు మీద కాకుండా, పైపు లోపలి అడుగుకు సరిగ్గా రెండడుగుల ఎత్తున, వాటంతోనే కట్టాలి. ఒక కర్రకు రెండడుగుల దగ్గర గీత గీసి, ప్రతి పైపు మూతిలో లోపలి అడుగు మీద ఆ కర్ర నిలబెట్టాలి. గీత దారానికి తాకాలి. అంతే పని. పైపు వీపు మీద కొలిస్తే సాకెట్టు దగ్గర ఉబ్బు ఉంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. నైలాన్ దారం ముప్పై అడుగుల దూరానికి తన బరువుకే కిందికి వంగుతుంది, నడుమ కర్ర మేకులు కొట్టండి. పక్కకు వంకర పోకుండా ఇంకో దారం పైపు పక్కన, పైపు నడుము ఎత్తులో లాగండి.

లెవెల్ పైపు (నీళ్ల గొట్టం) పాతకాలం సామాను అని నవ్వేవాళ్లున్నారు. లోపల గాలి బుడగ లేకపోతే, ఇంటి పనికి దానికి మించింది లేదు. వీధంతా వేసే లైనైతే దుర్బిణీతో ఎత్తులు చూసే ఆటో లెవెల్ తెప్పించుకోవాల్సిందే.

అపోహ: "బండ తగిలింది, ఇటుక ముక్క పెట్టి లేపుదాం."

మన నేల సంగతి తెలిసిందే. రెండడుగులు చెల్క మట్టి, ఆ కింద మొరం, ఆ కింద బండ. బ్రేకర్ పెట్టి పగలగొట్టాక అడుగు ఎగుడుదిగుడుగానే ఉంటుంది. అక్కడ ఇటుక పెడితే పైపు మొత్తం ఆ ఒక్క చోటు మీదే ఆనుతుంది, రెండు పక్కలా వంగుతుంది. బండను నాలుగు నుంచి ఆరంగుళాలు ఎక్కువే కొట్టి, ఆ మేరకు ఇసుకో, రాతి డస్టో నింపి, తడిపి దిమ్మిసతో కొట్టి, ఆ పరుపు మీద వాటం తేవాలి. లెవెల్ పెట్టాల్సింది పైపుకు కాదు, పరుపుకు. సాకెట్టు వచ్చే ప్రతి చోటా చేత్తో చిన్న గుంత తీస్తే పైపు ఒళ్లంతా పరుపు మీద ఆనుతుంది. ఆ గుంత తీయడానికి ఒక్క నిమిషం పట్టదు, అయినా తీసేవాళ్లు అరుదు.

గద్వాల దిక్కు నల్లరేగడిలో తలనొప్పి ఇంకో రకం. ఆ మట్టి వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. తవ్విన మట్టినే తిరిగి పైపు చుట్టూ వేయకండి, ఇసుకతో కప్పండి.

అపోహ: "రసమట్టంలో బుడగ నడుమకొస్తే పైపు సరిగ్గా ఉన్నట్టే."

బుడగ నడుమకొచ్చిందంటే ఆ పైపుకు వాటమే లేదన్నమాట! నాలుగడుగుల రసమట్టం కింది వైపు చివరన 30 మిల్లీమీటర్ల చెక్క ముక్క కట్టుకోండి. అప్పుడు బుడగ నడుమకొస్తే 40కి ఒకటి వాటం వచ్చినట్టు. 60కి ఒకటి కావాలంటే చెక్క 20 మిల్లీమీటర్లు. ఆ చెక్క జేబులో పెట్టుకుని తిరిగే ప్లంబర్‌ను నమ్మి పనివ్వొచ్చు.

అపోహ: "90 బెండు అంటే 90 డిగ్రీలే."

కొన్న ఫిట్టింగ్ మీద అచ్చు చదవండి. డ్రైనేజీ బెండు మీద చాలాసార్లు 87.5 అని ఉంటుంది. ఆ రెండున్నర డిగ్రీలు వాటం కోసం వదిలినవే, లెక్కేస్తే 23కి ఒకటి పడుతుంది. నిలువు పైపు తూకం గుండు దారానికి సరిగ్గా ఉంటే అడ్డం పైపు తనంతట తానే దిగుతుంది. దాన్ని మూలమట్టం పెట్టి బలవంతంగా 90కి తెచ్చేవాళ్లను చూస్తాను. కీలు (జాయింటు) దగ్గర ఒత్తిడి పడుతుంది, లోపలి వాటం పోతుంది. ట్రెంచ్‌లో మలుపు తిప్పాలంటే ఒకే 90 బెండు కంటే రెండు 45 డిగ్రీల బెండ్లు మేలు. పక్క లైను కలపడానికి T ఆకారం ఫిట్టింగ్ వద్దు, Y ఆకారంది పెట్టండి, అదీ పారే దిశకే. సొల్యూషన్ పూయక ముందు ఫిట్టింగ్‌నూ పైపునూ పొడిగా జోడించి, రెండింటి మీదా పెన్సిల్‌తో ఒకే గీత లాగండి. పూశాక గీతలు కలిస్తే చాలు, తిప్పి తిప్పి చూసుకునే టెన్షన్ ఉండదు. సొల్యూషన్ పట్టాక అర డిగ్రీ కూడా దిద్దలేరు.

అపోహ: "పైపు ఏదైతే ఏంది, పీవీసీయే కదా!"

మురుగు, వాన నీళ్ల కోసం గోడకు బిగించే ఎస్‌డబ్ల్యూఆర్ పైపు వేరు, భూమిలో వేసే పైపు వేరు. భూమిలోకి ఐఎస్ 15328 (భారత ప్రమాణం) గుర్తున్నది తీసుకోండి, ట్రాక్టరు తిరిగే బాట కిందైతే బరువు ఎక్కువ తట్టుకునే ఎస్ఎన్8 రకం. మే నెల ఎండలో వాకిట్లో పడేసిన ఇరవై అడుగుల పైపు విల్లులా వంగుతుంది, అలాంటిది వెనక్కి పంపండి. ముప్పై డిగ్రీల తేడాకు ఆ పైపు సెంటీమీటరుకు పైగా పొడవు మారుతుంది కాబట్టి, రబ్బర్ రింగు కీలులో పైపును చివరంటా తోయకుండా పది మిల్లీమీటర్లు వెనక్కి లాగి వదలాలి.

అపోహ: "బకెట్ నీళ్లు పోసినం, అటు దిక్కు వచ్చేసినయ్."

నడుమ గుంత ఉన్నా బకెట్ నీళ్లు వస్తాయి, గుంత నిండాక మిగిలినవి. చాంబర్ నుంచి చాంబర్‌కు ఒక చివర టార్చి, ఇంకో చివర అద్దం పెట్టండి. పూర్తి గుండ్రం కనిపించాలి. అర్ధచంద్రం కనిపిస్తే ఎక్కడో లైను తప్పినట్టే. పైపు లోపలి వ్యాసం కంటే అరంగుళం చిన్న నున్నటి బంతిని పై నుంచి వదిలితే కింద బయటికి రావాలి. ఆ తర్వాత కింది చివర మూసి, నీళ్లు నింపి, మట్టం తగ్గుతోందా చూడండి. ఇదంతా పూడ్చక ముందే.

అపోహ: "లెవెల్ అయిపోయింది, ఇక జేసీబీతో మట్టి తోసేద్దాం."

ఒక పక్కే మట్టి పడితే పైపు రెండో పక్కకు జరుగుతుంది, పెద్ద రాయి పడితే కిందికి నొక్కుకుపోతుంది. రెండు పక్కలా ఇసుక చేత్తో వేసి, కాలితో తొక్కి, పైపు మీద అడుగు మందం వచ్చాకే మిషన్‌ను రానివ్వాలి. వానాకాలంలో ఇంకో ముప్పు ఉంది. సగం పని వదిలేసి పోయిన రాత్రి వాన పడి ట్రెంచ్ నిండితే, మూతులు మూసిన ఖాళీ పైపు తేలుతుంది. 6 అంగుళాల పైపును నీళ్లు మీటరుకు ఇరవై కిలోల లెక్కన పైకి తోస్తాయి, దాని సొంత బరువు మీటరుకు మూడు కిలోలే. సాయంత్రం ఇంటికి పోయే ముందు పైపు నడుముల మీద నాలుగైదు తట్టల ఇసుక కుప్పలు పోసి, కీళ్లు మాత్రం తెరిచి ఉంచండి.