ఆరో స్టెప్‌లో బిగిసిపోయిన హంటర్లు: వెనక సస్పెన్షన్‌పై అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లోని మా వర్క్‌షాపుకు రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 బైకు ఏది వచ్చినా, యజమాని సమస్య చెప్పడం పూర్తి చేసేలోపే నేను వంగి, వెనక షాక్ అబ్జార్బర్ల ప్రీలోడ్ రింగు, అంటే స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచే రింగు, ఆరు స్టెప్‌లలో ఎన్నోదానిలో ఉందో చూస్తాను. వెనక గట్టిగా కొడుతోందని, నడుము పట్టేస్తోందని చెప్పి తెచ్చే బండ్లలో ఎక్కువ వాటికి ఆ రింగు ఐదులోనో ఆరులోనో ఉంటుంది. ఎందుకు అలా పెట్టించారని అడిగితే, గుంతలో పడినప్పుడు షాకులు పూర్తిగా నొక్కుకుపోయి అడుగుకు తగులుతున్నాయని, గట్టి చేయిస్తే తట్టుకుంటాయని ఎవరో చెప్పారని అంటారు. ఆ చెప్పినవారెవరో నాకు ఎప్పుడూ తెలియదు కానీ, ఆ ఒక్క మాట వల్ల మనుషులు నెలల తరబడి నొప్పి భరించి, ఆ తరువాత అవసరం లేని షాకులకు వేల రూపాయలు పోయడం చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

ముందు బండి సంగతి. 2022 ఆగస్టులో వచ్చిన మొదటి హంటర్ వెనక భాగం గట్టిగా ఉండేదన్న ఫిర్యాదు అపోహ కాదు, నిజమే. వెనక చక్రం పైకీ కిందికీ కదలడానికి ఉన్న ప్రయాణం 102 మి.మీ. మాత్రమే, దానికి లీనియర్ స్ప్రింగు (ఎంత నొక్కినా గట్టిదనం మారనిది) ఇచ్చారు, పైగా చక్రాలు 17 అంగుళాలవి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త రూపంలో ఆ స్ప్రింగును ప్రోగ్రెసివ్‌గా (నొక్కేకొద్దీ గట్టిపడేదిగా) మార్చారు, సైలెన్సర్ పైపు దారి మార్చి గ్రౌండ్ క్లియరెన్స్‌ను 10 మి.మీ. పెంచి 160 మి.మీ. చేశారు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే 41 మి.మీ. ఫోర్కు మాత్రం మునుపటిదే, 130 మి.మీ. ప్రయాణంతో.

పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే రోజు, టైర్లలో ఒకే గాలి పెట్టి, ఇబ్రహీంపట్నం నుంచి కొండపల్లి మీదుగా మైలవరం వైపు నడిపి చూశాను. వంతెన అతుకుల మీద, తారు ప్యాచీల మీద పాత బండి ప్రతి చిన్న ఎత్తునూ నేరుగా వెన్నుకు అందిస్తే, కొత్త బండి వాటిని చాలావరకు తనలోనే మింగుకుంది. స్పీడ్ బ్రేకరు దాటాక వెనక చక్రం దిగేటప్పుడు పాత బండిలో ఉండే కుదుపు కొత్తదానిలో స్పష్టంగా తగ్గింది. కానీ గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అంచు తెగిన గుంత ఎదురైనప్పుడు రెండూ దాదాపు ఒకేలా కొట్టాయి. చిన్న చక్రం గుంతలోకి ఎక్కువ లోతుగా దిగి, అవతలి అంచును ఎక్కువ నిటారుగా ఢీకొంటుంది కనుక, 19 అంగుళాల ముందు చక్రం ఉన్న అదే కంపెనీ క్లాసిక్ 350 అదే గుంతను దాటే తీరును ఏ స్ప్రింగూ హంటర్‌కు తెచ్చిపెట్టలేదు. కొత్త బండిలో సీటు ఫోమ్‌ను కూడా మార్చారన్నది మరిచిపోకూడదు. షోరూమ్ దగ్గర రెండు నిమిషాలు కూర్చొని సస్పెన్షన్ మెత్తబడిందని మెచ్చుకునేవారు నిజానికి మెచ్చుకుంటున్నది సీటునే.

అపోహ: ప్రీలోడ్ పెంచితే స్ప్రింగు గట్టిపడుతుంది, తగ్గిస్తే మెత్తబడుతుంది.

వాస్తవం ఏమిటో ఒక లెక్కతో చెబుతాను. ఈ అంకెలు అర్థం కావడానికి తీసుకున్నవే తప్ప హంటర్ స్ప్రింగువి కావు. వెనకున్న రెండు స్ప్రింగులనూ కలిపి ఒకటే అనుకొని, దాన్ని ఒక్క మిల్లీమీటరు నొక్కడానికి 2 కిలోల బరువు కావాలనుకుందాం. రింగు తిప్పి దాన్ని ముందే 10 మి.మీ. నొక్కి ఉంచితే అందులో 20 కిలోల బలం నిలిచి ఉంటుంది. మీరు కూర్చున్నప్పుడు దాని మీద 50 కిలోలు పడితే, మిగిలిన 30 కిలోలకు షాకు 15 మి.మీ. దిగి ఆగుతుంది. ఇప్పుడు రింగును ఇంకా తిప్పి ముందస్తు నొక్కుడును 20 మి.మీ. చేస్తే, లోపల 40 కిలోల బలం ఉంటుంది కనుక మీరు కూర్చున్నా షాకు 5 మి.మీ. మాత్రమే దిగుతుంది. రెండు సందర్భాల్లోనూ అక్కడి నుంచి మరో మిల్లీమీటరు నొక్కాలంటే కావలసింది అవే 2 కిలోలు. స్ప్రింగు గట్టిపడలేదు, బండి వెనక భాగం ఎత్తు మాత్రమే పెరిగింది.

మరి గట్టిగా కొడుతున్నట్టు ఎందుకు అనిపిస్తుంది? చక్రం గుంతలోకి దిగాలంటే షాకు సాగాలి. మొదటి సందర్భంలో సాగడానికి 15 మి.మీ. చోటుంది, రెండోదానిలో 5 మి.మీ. మాత్రమే ఉంది. ఆ 5 మి.మీ. అయిపోగానే షాకు పై అంచుకు తగిలి ఆగిపోతుంది, చక్రంతో పాటు బండీ మనిషీ కలిసి గుంతలోకి పడతారు. యజమానికి వినిపించే ఆ 'ఠక్' శబ్దం చాలాసార్లు అడుగుకు తగిలిన శబ్దం కాదు, పైన తగిలిన శబ్దం. దాన్ని అడుగుకు తగలడమనుకొని ఇంకో స్టెప్ పెంచుతారు, అది ఇంకా ఎక్కువవుతుంది.

ప్రోగ్రెసివ్ స్ప్రింగు వచ్చాక ఈ పొరపాటు మరింత ఖరీదైనదిగా మారింది. ఇటువంటి స్ప్రింగులో చుట్లు కొంత మేర దగ్గరగా, మిగతా మేర ఎడంగా ఉంటాయి. బరువు పడేకొద్దీ దగ్గరి చుట్లు ఒకదానికొకటి ఆనుకొని పని మానేస్తాయి, పని చేసే చుట్లు తగ్గేకొద్దీ స్ప్రింగు గట్టిపడుతుంది. చిన్న గతుకులను మింగేది ఆ దగ్గరి చుట్లే. రింగును చివరిదాకా తిప్పినప్పుడు, మీరు బండి ఎక్కకముందే ఆ మెత్తని చుట్లలో కొంత భాగం ఖర్చయిపోతుంది. పై లెక్క లీనియర్ స్ప్రింగుకు అక్షరాలా వర్తిస్తుంది. ప్రోగ్రెసివ్ స్ప్రింగులో మాత్రం ప్రీలోడ్ పెంచితే మీరు కూర్చున్న చోటి గట్టిదనం కూడా కొంత పెరుగుతుంది. అంటే కంపెనీ ఏ సుఖం కోసం ఈ మార్పు చేసిందో, ఆ సుఖాన్నే మనం రింగు తిప్పే సీ స్పానరుతో తీసేస్తున్నాం.

పోయిన ఏడాది వర్షాకాలంలో మంగళగిరి నుంచి ఒక ఉపాధ్యాయుడు వచ్చారు. సన్నని మనిషి, అరవై కిలోలకు మించరు, రోజూ బడికి ఒంటరిగానే వెళ్తారు. బండి కొన్న మూడో వారంలోనే ఎవరో ఆరో స్టెప్‌కు తిప్పారట. నాలుగు నెలలు నడుము నొప్పితో తిరిగి, ఎక్స్‌రే తీయించుకొని, మందులు వాడి, చివరకు పన్నెండు వేలు పెట్టి బయటి గ్యాస్ షాకులు వేయించుకుందామని నా దగ్గరకు వచ్చారు. "మాస్టారూ, ఒక్క పది నిమిషాలు ఓపిక పట్టండి" అని చెప్పి, రింగును రెండో స్టెప్‌కు దించి, టైర్లలో గాలి చూస్తే వెనక 42 పీఎస్ఐ ఉంది. దాన్ని బండితో ఇచ్చిన పుస్తకంలో రాసినంతకు తగ్గించి, కనకదుర్గ వారధి దాకా వెళ్ళి రమ్మన్నాను. తిరిగి వచ్చాక ఆయన హెల్మెట్ తీయకుండానే కాసేపు బండి మీదే కూర్చుండిపోయి, "ఈ నాలుగు నెలలూ ఎందుకు పడ్డానండీ ఇదంతా" అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. కొత్త బండి కొన్నవారు భయపడడం సహజం. ఆ భయానికి తెలిసీ తెలియని సలహా ఇచ్చేవారిని మాత్రం నేను క్షమించలేను.

మీ బండి సరైన స్టెప్‌లో ఉందో లేదో టేపుతో తెలుస్తుంది. ఇద్దరు కలిసి బండి వెనక భాగాన్ని చక్రం నేల వదిలేదాకా ఎత్తి, యాక్సిల్ నుంచి నిటారుగా పైన సైడ్ ప్యానెల్ మీద పెట్టుకున్న గుర్తు దాకా కొలవండి. తరువాత మీరు రోజూ వేసుకునే బట్టలతో, హెల్మెట్‌తో, సంచితో బండి మీద కూర్చొని, కాళ్ళు ఫుట్‌రెస్టుల మీద ఉంచి, ఒకరు ముందు నుంచి పట్టుకోగా మళ్ళీ అదే కొలత తీయించండి. తేడా మొత్తం ప్రయాణంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు, అంటే హంటర్‌కు సుమారు 25 నుంచి 34 మి.మీ. మధ్య ఉండాలి. అంతకంటే తక్కువ దిగితే ఒక స్టెప్ తగ్గించాలి, ఎక్కువ దిగితే పెంచాలి. వెనక భార్యో, తల్లో, బరువైన సామానో ఉన్న రోజు రెండు మూడు స్టెప్‌లు పెంచడం అవసరమే. ఎత్తు నిలబెట్టడానికే ఆ రింగు ఉన్నది. ఒంటరిగా వెళ్ళే రోజున దాన్ని మళ్ళీ దించడం మరిచిపోవద్దు.

అపోహ: గ్యాస్ షాకు అంటే గ్యాస్ బరువు మోస్తుంది, కనుక మెత్తగా ఉంటుంది.

బరువు మోసేది స్ప్రింగు. లోపలి గ్యాస్ పీడనం ఆయిల్ నురగ కట్టకుండా, డంపింగ్ (స్ప్రింగు ఊగును అణచే గుణం) తగ్గిపోకుండా ఆపడానికి. 2021 దాకా వచ్చిన పాత క్లాసిక్ 350కి గ్యాస్ డబ్బాలున్న షాకులు ఉండేవి, ఆ తరువాతి క్లాసిక్‌కు అవి లేవు. అయినా రెండూ నడిపినవారిని అడగండి, గతుకుల మీద ఏది నయమో వారే చెబుతారు. చవక షాకుల్లో ఆ డబ్బా లోపల ఏమీ లేనివి కూడా నేను విప్పి చూశాను.

అపోహ: ముందు ఫోర్కులో చిక్కటి ఆయిల్ పోస్తే బండి నిలకడగా ఉంటుంది.

బ్రేకు వేసినప్పుడు ముందు మునగడం కొంత నెమ్మదిస్తుంది, నిజమే. కానీ పదునైన గతుకు మీద ఆ చిక్కటి ఆయిల్ రంధ్రాల గుండా అంత వేగంగా పోలేక దెబ్బను నేరుగా చేతులకు పంపుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడే, చెప్పిన కొలతలోనే పోయించండి.

అపోహ: వెయ్యి కిలోమీటర్లు తిరిగితే స్ప్రింగు దానంతటదే మెత్తబడుతుంది.

సీళ్ళు, బుష్‌లు కొద్దిగా సర్దుకుంటాయి. స్ప్రింగు మెత్తబడదు.

ఇక నిజంగా ఆందోళన పడవలసినవి వేరే ఉన్నాయి. ఫోర్కు ట్యూబు మీద గానీ వెనక షాకు రాడ్డు మీద గానీ ఆయిల్ పొర కనిపిస్తున్నా, స్పీడ్ బ్రేకరు దాటాక వెనక భాగం రెండు మూడుసార్లు ఊగుతున్నా, రెండు షాకుల రింగులూ వేర్వేరు స్టెప్‌లలో ఉన్నా, వంపులో బండి తేలుతున్నట్టు అనిపించినా ఆ రోజే చూపించండి. వారంటీ ఇంకా ఉన్నట్టయితే నా దగ్గరకో మరో మెకానిక్ దగ్గరకో రాకముందు షోరూమ్‌కు వెళ్ళి, సమస్యను నోటితో చెప్పి వదిలేయకుండా జాబ్ కార్డు మీద రాయించి, దాని కాపీ తీసుకోండి.