త్రిభుజం వల్ల పైకి లేచిన తలుపులు

"మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ కారు తలుపులు పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి. అందం కోసమేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. కాదండీ, త్రిభుజాల కోసం!

ఆ కారుకు ముందు 1952లో డబ్ల్యూ 194 అనే రేసు కారు ఉండేది. యుద్ధం దెబ్బ తిన్న కంపెనీకి కొత్త రేసు ఇంజన్ తయారుచేసే స్తోమత లేదు. పెద్ద సెడాన్‌లోని 3 లీటర్ల ఇంజన్‌నే వాడుకోవాలి. అది బరువైనది, ఇచ్చే శక్తి సుమారు 170 హార్స్‌పవర్. అందుకే ఇంజనీరు రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్ మిగతా కారు బరువు తగ్గించే పనిలో పడ్డారు. కారుకి ఎముకల గూడు లాంటి చట్రాన్ని సన్న ఇనుప గొట్టాలతో త్రిభుజాలుగా అల్లారు. త్రిభుజాలే ఎందుకు?

పాత నులక మంచం ఒక పక్కకి ఒరిగి ఊగడం చూసే ఉంటారు. కోళ్లూ పట్టెలూ పొడవు మారవు, అయినా ఆకారం మారిపోతుంది. నాలుగు భుజాలతో వచ్చే చిక్కు ఇదే. ఇనుప గేటుకి మూల నుంచి మూలకు ఏటవాలుగా ఒక పట్టీ వెల్డింగ్ చేస్తారు చూడండి, దాంతో గేటు రెండు త్రిభుజాలవుతుంది, ఇక ఒరగదు. మూడు భుజాల పొడవులు ఖాయమైతే కోణాలూ ఖాయమే. బడిలో మనం బట్టీ పట్టిన భు.భు.భు. నియమం ఇదే! పిల్లల్ని ఒక్కసారి గేటు దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తే జన్మలో మర్చిపోరు.

ఇంకో సంగతి. సన్నటి ఇనుప గొట్టాన్ని వంచడం తేలిక, నిలువునా లాగి తెంచడం మహా కష్టం. త్రిభుజాలు సరిగ్గా అల్లితే భారం గొట్టాల్ని పొడవునా లాగుతుంది లేదా నొక్కుతుంది, దాదాపు వంచదు. కాబట్టి సన్న గొట్టాలే చాలు. ఆ చట్రం మొత్తం బరువు సుమారు 50 కిలోలు, అంటే రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలంత!

అయితే త్రిభుజాలు గట్టిగా నిలవాలంటే ఎత్తు కావాలి. పక్కన తలుపు కోసం గొట్టాలు కోస్తే అల్లిక తెగిపోతుంది. అందుకని రెండు పక్కలా గొట్టాల్ని ఎత్తుగానే ఉంచి, తలుపుల్ని కప్పుకి బిగించారు. మొదట్లో అవి కిటికీ అంచు వరకే ఉండేవి, ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల లె మాన్స్ కార్ల పందెం నాటికి కాస్త కిందికి పొడిగించారు. అక్కడ మొదటి రెండు స్థానాలూ ఈ కార్లవే.

అదే ఏడాది మెక్సికో పందెంలో ఒక రాబందు అద్దాన్ని పగలగొట్టుకుని లోపలికి పడింది, సహ డ్రైవర్ హాన్స్ క్లెంక్‌కి గాయాలయ్యాయి. మన దగ్గరైతే అపశకునం అనేవాళ్లు. వాళ్లు అద్దం ముందు ఇనుప చువ్వలు బిగించి మళ్లీ బయల్దేరారు, గెలిచారు.

1953 కోసం చేసిన ప్రయోగాత్మక కారు ఏ పందెంలోనూ దిగలేదు. ముక్కు ఆకారం చూసి దాన్ని 'చిత్రిక' (వడ్రంగి చెక్కను నునుపు చేసే పనిముట్టు) అని పిలిచేవారు. దానిలో పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బ్యురేటర్లు లేవు. పంపు పెట్రోలును ఒత్తిడితో నేరుగా ఆరు సిలిండర్లలోకి చిమ్మేది. యుద్ధ విమానాల ఇంజన్లలో ఆరితేరిన విద్య అది. 1954లో న్యూయార్క్‌లో చూపించిన 300 ఎస్‌ఎల్‌కి ఆ ఇంధన పద్ధతి, 215 హార్స్‌పవర్ శక్తి, పాత త్రిభుజాల చట్రం అన్నీ వచ్చాయి.

చట్రంతో పాటు ఎత్తైన గడప కూడా వచ్చింది. దాన్ని దాటి కూర్చోవడానికి వీలుగా స్టీరింగ్ చక్రాన్ని కిందికి మడిచే ఏర్పాటు చేశారు.