మాత్ర కన్నా ముందు మాట

పిల్లలూ, ఆశీస్సులు.

ఇంటర్ తర్వాత మెడిసినా, కంప్యూటర్సా అని మీలో చాలామంది టెన్షన్ పడుతున్నారు. ఆ రెండూ కలిసిన చోట పనిచేస్తున్న ఒక డాక్టరుగారి గురించి చెబుతాను. నర్సుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి ఆవిడ పని విలువ నాకు బాగా తెలుసు.

ఆవిడ పేరు అపర్ణా హెగ్డే. ముంబైలో స్త్రీల వైద్యురాలు. పీజీ రోజుల్లో ధారావి దగ్గరున్న సయన్ ఆసుపత్రిలో పనిచేశారు. అలాంటి పెద్దాసుపత్రుల ఓపీలో ఒక్కో గర్భిణికి డాక్టరు ఇవ్వగలిగేది కొద్ది నిమిషాలే. అందులోనే బీపీ చూడాలి, మందు రాయాలి. ఆ మందు ఎందుకో విడమరిచి చెప్పే తీరిక ఉండదు.

చెప్పకపోతే ఏమవుతుందో వినండి. గర్భిణికి రోజుకొకటి చొప్పున ఆరు నెలలు ఐరన్ మాత్రలు ఇస్తాం. కొన్నాళ్లకే మలం నల్లగా వస్తుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది. అది మామూలేనని ముందే తెలియకపోతే భయపడి మానేస్తుంది. మాత్రలు బీరువాలోనే ఉండిపోతాయి, ఒంట్లో రక్తం పెరగదు. కాన్పులో రక్తస్రావమైతే ఇక తట్టుకోలేదు. అలాగే తలనొప్పి, కళ్లు మసకలు, మొహం వాపు ఉంటే వెంటనే బీపీ చూపించుకోవాలి. "నీరు పట్టిందిలే, అందరికీ ఉండేదే" అని ఇంట్లో సర్దిచెప్తే గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి ఫిట్స్ రావడం దాకా పోతుంది.

అపర్ణగారు పట్టుకున్నది ఈ లోటునే. 2008లో అర్మాన్ అనే స్వచ్ఛంద సంస్థ పెట్టారు. వాళ్ల ఎంమిత్ర సేవకు స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, చదువూ రానక్కర్లేదు. గర్భిణి పేరు నమోదు చేయించుకుంటే, ఏ నెలకు ఏం తెలియాలో ఆ మాట ఆమె భాషలో, రికార్డు చేసిన గొంతుతో, మామూలు ఫోన్‌కే వస్తుంది. చాలా ఇళ్లలో ఫోన్ భర్త దగ్గరే ఉంటుంది కదా, అందుకని తన చేతికి ఏ వేళకు వస్తుందో ఆమెనే అడిగి ఆ వేళకే చేస్తారు. ఎత్తకపోతే మళ్లీ చేస్తారు. ఈ ఏర్పాటు నాకెంతో నచ్చింది. ఆ ఇంటి సంగతి తెలిసినవాళ్లకే తట్టే ఆలోచన ఇది.

ఇలాంటిదే కిల్కారి అని కేంద్ర ప్రభుత్వ సేవ 2016లో మొదలైంది. నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికో కాల్, మొత్తం 72. దాన్ని 2019 నుంచి ప్రభుత్వంతో కలిసి అర్మాన్ నడుపుతోంది.

అయితే ఎంమిత్ర కాల్స్‌ను కొందరు కొన్ని వారాలు విని మానేస్తారు. అందరికీ ఫోన్ చేసి బతిమాలేంత సిబ్బంది ఉండరు. ఇక్కడే గూగుల్ పరిశోధకులు తోడయ్యారు. ఎవరు ఎంతసేపు విన్నారనే లెక్కలు చూసి, మనిషి ఒక్కసారి మాట్లాడితే మళ్లీ వినేది ఎవరో ఏఐ అంచనా వేస్తుంది. తనంతట తానే వినే అమ్మకు ఆ ఫోన్ అవసరం లేదు, జారిపోబోతున్న అమ్మకు కావాలి. సుమారు 23 వేలమంది అమ్మలతో చేసిన పరీక్షలో, వినడం మానేసేవాళ్లు దాదాపు 30 శాతం తగ్గారు. చూశారా, మెషీన్ చెప్పేది ఎవరికి ఫోన్ చేయాలన్నదే. మాట్లాడేది మాత్రం మనిషే.

ఇంత పెద్ద సంస్థ నడుపుతూ ఆవిడ వైద్యం వదల్లేదు. కాన్పుల తర్వాత దగ్గితే, తుమ్మితే మూత్రం పడిపోయే బాధ మన ఆడవాళ్లు సిగ్గుతో ఎవరికీ చెప్పుకోరు. ఆవిడ స్పెషాలిటీ అదే. ముంబై కామా ఆసుపత్రిలో దాన్నే బోధించారు.

మన దగ్గరా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలతో కలిసి, ప్రమాదమున్న గర్భాలను ముందే ఎలా గుర్తించాలో ఏఎన్ఎమ్‌లకు అర్మాన్ శిక్షణ ఇచ్చింది. నా తర్వాతి నర్సమ్మలకు ఈ చదువు అందడం నాకెంతో సంతోషం.

దేశంలో లక్ష కాన్పులకు 2004-06లో 254 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20కి అది 97కి తగ్గింది. ఆసుపత్రి కాన్పులు, అంబులెన్సులు, ఆశా కార్యకర్తలు, ఇలా ఎందరి కష్టమో అందులో ఉంది. అయినా ఆ 97 మందిలో చాలామందిని కాపాడుకోవచ్చు.

మీ ఇంట్లో అక్కో వదినో గర్భిణి అయితే, ఇలాంటి కాల్ వచ్చినప్పుడు ఏదో కంపెనీదని కట్ చేయకండి. ఫోన్ తీసుకెళ్లి ఆమె చేతికివ్వండి. ఐరన్ మాత్ర వేసుకుందో లేదో కూడా అడగండి.

మీ
నర్సమ్మ