చదివి నేర్చుకునే యంత్రానికి కుకీలు తెచ్చిన తంటా

కంప్యూటర్‌కు లోకజ్ఞానం నేర్పే పని మొదట్లో పూర్తిగా మనుషుల చేతుల మీదుగానే సాగింది. 1984లో అమెరికాలోని ఆస్టిన్‌లో డగ్లస్ లెనాట్ మొదలుపెట్టిన 'సైక్' ప్రాజెక్టులో, పసిపిల్లలకు సైతం తెలిసిన సంగతులను నిపుణులు ఒక్కొక్కటిగా తర్కభాషలో రాసి ఎక్కించారు. దశాబ్దాలు గడిచినా ఆ పని తెమలలేదు. తెమిలే పని కూడా కాదు.

1992లో కంప్యూటర్ పరిశోధకురాలు మార్టీ హర్స్ట్ ఒక దగ్గరి దారి చూపారు. 'మామిడి, జామ వంటి పండ్లు' అని ఎక్కడైనా కనిపిస్తే, మామిడి రుచి తెలియని యంత్రం కూడా అది పండేనని పట్టేయవచ్చు. ఆమె ఇంగ్లిషు వాక్యాలతో చూపారు; కిటుకు మాత్రం ఇదే. 1998లో, గూగుల్ కంపెనీగా నమోదు కావడానికి కొన్ని నెలల ముందు, దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన సెర్గీ బ్రిన్ దీనికి దగ్గరి ఆలోచననే వెబ్ మీద ప్రయోగించారు. ఐదు పుస్తకాల పేర్లు, వాటి రచయితల పేర్లు, ఆయన పెట్టిన పెట్టుబడి అంతే. అవి పేజీల్లో ఏ వరసలో కనిపిస్తున్నాయో చూసి, అదే వరసలో ఇంకేమున్నాయో ప్రోగ్రామ్ వెతికింది. 15 వేలకు పైగా పుస్తకాలు దొరికాయి.

ఈ పద్ధతిని రాత్రింబగళ్లు ఆగకుండా నడిపితే? పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టామ్ మిచెల్ బృందం 2010 జనవరిలో ప్రారంభించిన 'నెల్' అనే ప్రోగ్రామ్ (ఆగకుండా భాష నేర్చుకునేదని దాని ఇంగ్లిషు పేరుకు అర్థం) ఆ ప్రశ్నకు జవాబు వెతికింది. నగరాలు, కంపెనీలు, క్రీడాకారులు వంటి వందల వర్గాలను ఇచ్చి, ఒక్కో వర్గానికి 10 నుంచి 15 ఉదాహరణలు చెప్పి, సుమారు 50 కోట్ల వెబ్ పేజీల మీదికి వదిలారు. నగరమైనది మనిషి కాజాలదు వంటి కట్టుబాట్లూ పెట్టారు. అక్టోబరు నాటికి అది 3.9 లక్షల సంగతులు పోగేసింది. వాటిలో 87 శాతం సరైనవని అంచనా.

తప్పిన వాటిలోనే అసలు కథ ఉంది. వెబ్‌సైట్ల కోసం బ్రౌజర్ దాచుకునే చిన్న సమాచార ముక్కలను 'కుకీ'లంటారు; ఇంగ్లిషులో బిస్కెట్లకూ అదే పేరు కావడంతో నెల్ వాటిని బేకరీ తినుబండారాల్లో చేర్చింది. ఇంటర్నెట్ కుకీలను తొలగించానని ఒకరు రాస్తారు, ఫైళ్లను తొలగించానని మరొకరు రాస్తారు. రెండు వాక్యాల తీరూ ఒకటే కనుక, ఫైళ్లు కూడా బేకరీ సరుకేనని తేల్చేసింది. తాను నమ్మినదాన్నే ఆధారం చేసుకుని తర్వాతి పాఠం నేర్చుకునే యంత్రానికి ఒక్క తప్పు చాలు, దాని వెనకే పది వస్తాయి. అందుకే తొలి ఆరు నెలలు దాని మానాన దాన్ని వదిలేసిన పరిశోధకులు, ఆ తర్వాత అప్పుడప్పుడూ వర్గాలను తిరగేసి తప్పులు దిద్దడం మొదలుపెట్టారు. ఆగకుండా నేర్చుకుంటుందన్న పేరు నిలిచింది కానీ, తానుగా నేర్చుకుంటుందన్న మాటకు మాత్రం కొంత మినహాయింపు ఇవ్వాల్సిందే.

2015 నాటికి నెల్ దగ్గర 8 కోట్లకు పైగా నమ్మకాలు చేరాయి. ఒక్కోదానికీ ఎంత ధీమా ఉందో తెలిపే మార్కు ఉండేది, ఎలా తెలిసిందో చెప్పే ఆధారమూ ఉండేది. చాట్‌జీపీటీ వంటి వాటిని నడిపే ఇప్పటి భారీ భాషా నమూనాలు చదివేది అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ అవి సంగతులను వర్గాలవారీగా రాసిపెట్టుకోవు. తర్వాతి పదాన్ని ఊహించే అభ్యాసంలో చదివినదంతా కోట్లాది అంకెల్లో కలిసిపోతుంది. నెల్‌లో తప్పు దొరికితే ఆ ఒక్క నమ్మకాన్ని కొట్టేస్తే సరిపోయేది. ఈ భాషా నమూనాల్లో కొట్టేయడానికి అలాంటి నమ్మకం ఏదీ విడిగా ఉండదు.